నీలం పలకల ఐలన్న

సూర్యాపేట మెయిన్ రోడ్డు మీద బస్టాండు నుంచి పోస్టాఫీసు దాకా నడిచినవాళ్లు ఒకప్పుడు ఐలన్న చేతిరాత చదవకుండా నడవలేకపోయేవాళ్లు. బట్టల కొట్టు, మందుల కొట్టు, టైలరు, టీ హోటలు, ఎరువుల దుకాణం, ఏ బోర్డు చూసినా ఐలన్నదే. ఆయన 'శ్రీ' రాస్తే ఆ సుడి చూడటానికే సైకిళ్లు ఆపేవాళ్లు. ఆ రోడ్డు మొత్తం మీద ఆ రాత చదవలేనివాడు మాత్రం ఒకడుండేవాడు. ఐలన్నే.

ఇరవై ఏళ్లు రాసినవాడికి చదవడం రాకపోవడమేమిటని మీరు అడుగుతారని తెలుసు. చివ్వెంల దగ్గర గొర్ల కాపరుల ఇంట్లో పుట్టాడు. తోటి పిల్లలు బడికి పోయే వయసులో ఆయన మంద వెనక పోయాడు. బొగ్గుముక్కతో బండల మీద పొట్టేళ్లు గీసేవాడు. అవి చూసి ఒక పెయింటరు సూర్యాపేటకు తీసుకొచ్చి కుంచె చేతికిచ్చాడు. 'చదువొచ్చా?' అని ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు. వంద గొర్లలో ఏది ఎవరిదో చెవిని బట్టి, కొమ్మును బట్టి చెప్పగలిగినవాడికి యాభై చిల్లర అక్షరాల రూపం పట్టుకోవడం ఒక లెక్కా? ఒకదానికి కొమ్ములపొట్టేలని, ఒకదానికి పడుకున్న గొర్రె అని, ఒకదానికి తోక తెగిందని పేర్లు పెట్టుకున్నాడు. కాగితం మీద ఏది ఉంటే అది అచ్చం దించేవాడు. అది ఏమని పలుకుతుందో మాత్రం తెలియదు.

బోర్డులు రాసేవాడికి చదువు రాదంటే ఎవరు పని ఇస్తారు? పని సంగతి అటుంచండి, ఎంత నవ్వుతారు! ఆ భయం ఐలన్నకు పొద్దున లేచింది మొదలు ఉండేది. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాడు.

2001లో మట్టయ్య టీ హోటలు పెట్టి బోర్డు రాయించుకోవడానికి వచ్చాడు. కాగితం చేతికిచ్చి వెళ్లబోతుంటే ఐలన్న ఆపాడు.

"ఒకసారి సదువు మట్టయ్యా."

"రాసిచ్చిన కదనే! మళ్ల సదువుడేంది?"

"రాసిచ్చుడు వేరు. నీ నోట్లకెల్లి మాట ఒచ్చి నా చెవుల వడ్తెనే నా చెయ్యి లేస్తది. మూడుసార్లు సదువు. నిమ్మలంగ."

మట్టయ్య గొంతు సవరించుకుని మూడుసార్లు చదివాడు. మూడోసారికి ఆయనకే తన హోటలు పేరు మీద భక్తి పుట్టింది. ఐలన్న కళ్లు మూసుకుని విన్నాడు. ఎక్కడ ఆగాడు, ఏ మాట గట్టిగా పలికాడు, పై వరసలో ఎంత రావాలి, కింద ఎంత రావాలి, అంతా చెవితోనే తేల్చుకున్నాడు. బోర్డు అద్భుతంగా వచ్చింది. మట్టయ్య ఆ సంగతి టీ తాగినవాళ్లందరికీ చెప్పాడు. ఆ తర్వాత ఎంత పెద్ద షావుకారయినా సరే, ఐలన్న షెడ్డు ముందు చెప్పులు విడిచి నిలబడి తన దుకాణం పేరు మూడుసార్లు చదవాల్సిందే. ఆర్టిస్టుకు ఆ మాత్రం పిచ్చి ఉంటుందని జనం ముచ్చటపడ్డారు. ఇంట్లో భార్య సరోజనకు, బిడ్డ రజనికి తప్ప అసలు విషయం ఎవరికీ తెలియదు.

తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. కంప్యూటరులో టకటక కొట్టి, గంటలో చుట్టచుట్టి చేతిలో పెట్టడం మొదలుపెట్టారు. ఐలన్న వారం రోజులు మంచమ్మీద పడుకుని పైకప్పు చూశాడు. ఎనిమిదో రోజు సరోజన మంచం ఎత్తి గోడకు నిలబెట్టింది. ఇక పడుకునే వీలు లేక హైదరాబాదు పోయి, యాక్రిలిక్ షీట్లు కోసి లోపల లైటు పెట్టే అక్షరాలు చేయడం నేర్చుకుని వచ్చాడు. సన్న రంపంతో కోయడం, అంచులకు మెరుపు తేవడం, క్లోరోఫాం చుక్కతో అతికించడం, అన్నీ నెలలో చేతికొచ్చాయి. మెరుపు తేవడంలో మాత్రం ఆయన తర్వాతే ఎవరైనా. షీటులో తన మీసం వెంట్రుక వెంట్రుకగా కనిపిస్తే గాని వదిలేవాడు కాదు.

2008లో ఒక సెల్‌ఫోను కంపెనీ కాంట్రాక్టరు వచ్చి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు టౌన్లలో బోర్డులన్నీ ఐలన్నకే ఇచ్చాడు. కంపెనీ రంగు ముదురు నీలం. లారీలో షీట్లు దిగాయి. కోదాడ పని అయిపోయింది, సూర్యాపేట సగమయింది, మిర్యాలగూడ మొదలుకాక ముందే ఆ కంపెనీని ఇంకో కంపెనీ కొనేసింది. కొత్తవాళ్ల రంగు ఎరుపు. "నీలం ఇగ ఎందుకు పనికిరాదు, నీ దగ్గర్నే ఉంచుకో" అని కాంట్రాక్టరు చేతులు దులుపుకుని పోయాడు. నూరు దాటి ఉన్న నీలం షీట్లు షెడ్డు నిండా గోడలకు ఆనుకుని నిలబడ్డాయి.

"ఇంట్లకు సముద్రం దెచ్చిపెట్టినవ్. కాలు వెట్ట సందు లేదు" అంది సరోజన. అని ఊరుకోలేదు, ఒక షీటు తీసి కోళ్లగూడు మీద కప్పింది. పొద్దెక్కితే కోళ్లన్నీ నీలంగా కనిపించేవి. దారిన పోయేవాళ్లు ఇదేం జాతి అని అడిగేవాళ్లు. సరోజన బొంబాయి జాతి అని చెప్పేది.

ఆ మరుసటి ఏడాది కోదాడ నుంచి రాణి టీచరు వచ్చింది. అక్కడ ఊరి చివర ఒక ప్రైమరీ స్కూలుకు హెడ్మిస్ట్రెస్. నలభై దాటిన మనిషి, పెద్ద కళ్లద్దాలు, గట్టి గొంతు. బడికి పేరు బోర్డు కావాలని వచ్చి, షెడ్డు మొగదల కోళ్లగూటికి వేలాడుతున్న నీలం ముక్క ముందు ఆగిపోయింది. దాని మీద సుద్దతో తెల్లని గీతలున్నాయి.

"ఇదేంటమ్మా?"

"కోడి పొదగేసిన రోజులు టీచరమ్మా" అంది సరోజన. "ఇరవై ఒక్కటి దాకా దినానికొక గీత గీస్త. పిల్లలు లేసినంక తడిగుడ్డతోని తుడిచి మళ్ల మొదలువెడ్త. నాకు సదువు రాదు, గీతలే నాకు సదువు."

సరోజన ఆ మాట ఎంత తేలిగ్గా అనేసిందో ఐలన్న గమనించాడు. ఒకే ఇంట్లో ఒకే లోపం, ఆమెకు అది ముక్కుపుడకంత బరువు కూడా లేదు, తనకు మాత్రం బండరాయి.

రాణి టీచరు మాత్రం ఆ ముక్కనే చూస్తోంది. "ఐలన్న గారూ, మా బడిలో అరవై రెండు మంది పిల్లలున్నారు. పలకలన్నీ పగిలిపోయాయి. ముక్కల మీద రాస్తున్నారండీ, సగం అక్షరం ఒక ముక్క మీద, సగం పక్కవాడి ముక్క మీద. ఈ షీట్లతో పలకలు చేసిపెడతారా? కిందపడినా పగలవు కదా?"

"లారీ ఎక్కినా పలగవు" అన్నాడు ఐలన్న. ఉత్తగా పడి ఉన్నవాటికి పని దొరికిందంటే ఆయనకు పండగే. రాణి టీచరు బడి పేరు కూడా మూడుసార్లు చదివి, నవ్వుకుంటూ బస్సెక్కింది.

పదిహేను రోజులు ఐలన్న ఆ పలకల మీదే కూర్చున్నాడు. మూలలు పిల్లల చేతులకు గుచ్చుకోకుండా గుండ్రంగా చేశాడు. పైన దారం కట్టుకోవడానికి ఒక కన్నం పెట్టాడు. ఆ తర్వాత తన అలవాటు ప్రకారం మెరుపు తెచ్చాడు. ఒక్కొక్క పలకనూ మెత్తటి గుడ్డతో అరగంట రుద్దాడు. అరవై రెండు పలకల్లోనూ ఆయన మీసం కనిపించింది. గొంగడిలో మూట కట్టి, కోదాడ బస్సులో ఒళ్లో పెట్టుకుని మరీ తీసుకెళ్లాడు.

పిల్లలు వరసలో నిలబడి పలకలు అందుకున్నారు. కూర్చున్నారు. బలపం పెట్టారు. బలపం జర్రున జారింది. గట్టిగా ఒత్తితే కీచుమంది గాని గీత పడలేదు. రెండో తరగతి తారా అనే పిల్ల బలపాన్ని నాలుకతో తడిపి మరీ రాసింది. ఏమీ పడలేదు. ఈలోగా కిటికీ దగ్గరున్న ఒకడు పలకను ఎండలోకి తిప్పితే వెలుతురు బిళ్ల పోయి గోడ మీద పడింది. ఇక చూడండి! అరవై రెండు వెలుతురు బిళ్లలు గోడ మీద, కప్పు మీద, పక్కవాడి ముఖం మీద, చివరికి రాణి టీచరు కళ్లద్దాల మీద గంతులేశాయి. బడంతా ఒకటే కేకలు. టీచరు చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఐలన్న గారూ, పలకలు అడిగితే అద్దాలు తెచ్చారేంటండీ!" అని తనూ నవ్వేసింది.

ఐలన్నకు నవ్వు రాలేదు. ఆయన చేతి పని మీద బలపం నిలవకపోవడం ఆయనకు పెద్ద అవమానం. ఇంటికొచ్చి అన్నం ముందు తల వంచుకుని కూర్చున్నాడు.

"నా గీతలు మంచిగనే వడ్తున్నయ్ కద?" అంది సరోజన.

"నీ ముక్క మీద ఎట్ల వడుతున్నయో నాకైతే సమజయితలేదు."

"బూడిదేసి, కొబ్బరి పీచుతోని గిన్నెలోలె తోమిన. మెరుపు పోయింది, గరుకయింది. గరుకు లేకుంట సుద్ద ఎట్ల అంటుతదయ్యా?"

ఐలన్న ముద్ద నోటి దగ్గర ఆపాడు. మెరుపు తీసేయాలా? తనా? బతుకంతా మెరుపు తెచ్చినవాడిని గరుకు చేయమంటే, వంటమనిషిని అన్నం మాడ్చమన్నట్టే ఉంది. రెండు రోజులు మొండికేశాడు. మూడోరోజు వాటర్ పేపర్, అంటే పెయింటర్లు తడిపి రుద్దే గరుకు కాగితం, కట్ట కొనుక్కుని కోదాడ పోయాడు. బోరింగు దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టి తలా ఒక ముక్క ఇచ్చాడు. అరవై రెండు మంది పిల్లలు, నీళ్లు, రుద్దడం, ఇంకేం కావాలి వాళ్లకి? ఒళ్లంతా నీలం నురగ. మొదటి పలక మెరుపు పోతుంటే ఐలన్న ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అదే పలక ఆరాక తారా దాని మీద పెద్ద సున్నా చుట్టి చూపించింది. తెల్లగా, గుండ్రంగా, నీలం మీద నిండుచందమామలా నిలిచింది. అప్పుడు మాత్రం ఐలన్న మీసం నవ్వింది.

ఆ పలకల కబురు ఊరూరూ పాకింది. మిర్యాలగూడ నుంచి ఒక బడివాళ్లు వచ్చారు. రైసుమిల్లుల పక్కన హమాలీల పిల్లలు చదివే బడి అది, తవుడు దుమ్ము కిటికీల్లోంచి వచ్చి పుస్తకాల మీద పేరుకునేది. వాళ్లకు పలకలతో పాటు మూతలున్న పెన్సిలు డబ్బాలు, పరీక్ష అట్టలు, ముళ్లు చేత్తో తిప్పే గడియారం చేసిచ్చాడు. వేడి తీగ మీద షీటు వంచి పుస్తకాల స్టాండు చేశాడు. సముద్రం మెల్లగా తగ్గి, షెడ్డులో నేల కనిపించసాగింది. ఏ బడికి పోయినా పిల్లలు 'పలకల సారొచ్చిండు' అని ఎగబడేవాళ్లు. సారు అన్న మాట వినగానే ఐలన్నకు సంతోషమూ అయ్యేది, ఎవరో దొంగను పట్టుకున్నట్టూ అయ్యేది.

2010 జూన్‌లో బడులు తెరిచాక రాణి టీచరు ఫోను చేసింది.

"ఐలన్న గారూ, గోడ మీద పెట్టడానికి అక్షరమాల బోర్డు ఒకటి కావాలండీ. నీలం షీటు మీద తెల్లక్షరాలు, పిల్లలు చేత్తో తడిమి చూసేలా ఉబ్బెత్తుగా. మొత్తం యాభై ఆరు."

"కాగితం రాసియ్యుండ్రి టీచరమ్మా. మూడుసార్లు సదివి..."

అవతల ఆమె పకపకా నవ్వింది. "అక్షరమాల మీకు రాసివ్వాలా? మీరు అక్షరాల మనిషి! నేను మూడుసార్లు అఆఇఈ చదవాలా ఏంటి, బాగుంది సరసం!" అని పెట్టేసింది.

ఐలన్న ఫోను పక్కన పెట్టాడు. ఇదివరకైతే రజని ఉండేది. ఆ పిల్ల నాలుగో తరగతి నుంచే నాన్న కాగితాలు చదివిపెట్టేది. ఇప్పుడు పెళ్లయి మేళ్లచెరువులో ఉంటోంది, అల్లుడు సిమెంటు ఫ్యాక్టరీలో పని. ఫోను చేద్దామనుకున్నాడు. కాని అక్షరం వంకర ఎటుంటుందో ఫోనులో ఎట్లా చూపిస్తుంది? పోనీ ఒకటో తరగతి పుస్తకం కొందామని పుస్తకాల కొట్టుకు పోయాడు. ఆ కొట్టు బోర్డు రాసింది ఆయనే. "ఆర్టిస్టుగారా! ఎవరికే పుస్తకం?" అని షావుకారు అడుగుతాడు. ఇంట్లో చిన్నపిల్లలు లేరాయె. మెట్టు దాకా పోయి, ఒక పెన్ను కొనుక్కుని వచ్చాడు.

చివరికి తనకు తెలిసిన దారే పట్టాడు. 'అ' ఎలా ఉంటుందో, 'ఆ' ఎలా ఉంటుందో తెలుసు, అవి చిన్నప్పుడు విన్నవే, చూసినవే. మిగతావాటికి బస్టాండు దగ్గర నిలబడి, రోడ్డు పొడవునా తను రాసిన బోర్డుల్లోంచి ఒక్కొక్క రూపం ఏరుకుంటూ నడిచాడు. కిరాణం కొట్టుది ఒకటి, మెడికల్ షాపుది ఒకటి, బట్టల కొట్టుది, టైలరుది. పోస్టాఫీసు చేరేసరికి యాభై ఆరు రకాలయ్యాయి. లెక్క సరిపోయేసరికి ధైర్యం వచ్చింది. మొదటి రెండూ సరిగ్గా ఉంటే ఆ తర్వాత వరస ఎవరు చూస్తారులే అనుకున్నాడు. మందలో ముందు పొట్టేలు తిన్నగా నడిస్తే చాలు కదా అనుకున్నాడు, పాపం.

అక్షరాలు ఒక్కొక్కటీ కోసి, అంచులు నునుపు చేసి, క్లోరోఫాంతో అతికించాడు. బోర్డు చూస్తే కన్ను చెదిరిపోయేది. శనివారం పొద్దున గొంగడిలో చుట్టి తీసుకెళ్లి బడి గోడకు బిగించాడు. పిల్లలంతా వచ్చి కూర్చున్నారు. మూడో తరగతికి వచ్చిన తారాకు టీచరు బెత్తం ఇచ్చింది, చూపించి చదివించమని. గొంగడి తీశారు. అందరూ 'హో' అన్నారు.

"అ" అంది తారా. అరవై గొంతులు "అ" అన్నాయి.

"ఆ."

"ఆ!"

"కి." తారా బెత్తం ఆగింది. "మె... బ... టై... సార్, ఇదేంది సార్, గిట్లుంది?"

ఒకడు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు వెనక బెంచీ దాకా పాకింది. ఏ అక్షరం ఏం తప్పు చేసిందో ఐలన్నకు తెలియదు, కానీ ఇరవై ఏళ్లుగా భయపడుతున్న రోజు ఇదేనని తెలిసింది. గొంగడి రెండు చేతులా గుండెకు అదుముకుని నేల చూశాడు. పరుగెత్తిపోదామంటే గుమ్మంలో పిల్లలు.

రాణి టీచరు బోర్డు చూసింది. ఐలన్నను చూసింది. మూడుసార్లు చదివించుకునే పిచ్చి ఆమెకు గుర్తొచ్చి ఉంటుంది. కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చప్పట్లు కొట్టింది.

"ఎందుకు నవ్వుతున్నారు? ఐలన్న గారు మీకు ఆట తెచ్చారు. వరసలో ఉంటే చిలకలా అప్పజెప్పేస్తారని కావాలనే కలిపేశారు. చూద్దాం, 'ఇ' ఎక్కడుందో ఎవరు ముందు ముట్టుకుంటారో!"

పిల్లలు లేచి బోర్డు మీదికి దూకారు. తమాషా ఏమిటంటే, అ నుంచి ఱ దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పే తారాకు 'ఠ' ఎక్కడుందో దొరకలేదు. వరసలో అయితే నోరే చెప్పేసేది, విడిగా కనిపిస్తే కన్ను పట్టలేదు. సగం మందిది అదే గతి. "డ దొరికింది!" "అది డ కాదురా, ద!" అని కొట్టుకుంటూ వెతికారు. కొన్ని అసలు బోర్డు మీద లేనేలేవు. గుమ్మం పక్కన నిలబడ్డ ఐలన్న ముందు ఒక్కొక్క గొర్రే తన పేరు చెప్పుకుని పోతోంది. కొమ్ములపొట్టేలు 'ఖ' అట. పడుకున్న గొర్రె 'ల' అట. ఇన్నేళ్లూ మేపి, ఇప్పుడు వింటున్నాడు పేర్లు. సిగ్గు సిగ్గుగానే ఉంది, ఆ సిగ్గులోనే చెవులు రిక్కించి విన్నాడు.

అందరూ అన్నాలకు పోయాక రాణి టీచరు దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది.

"పలకలు మళ్లీ నున్నబడ్డాయండీ. ప్రతి శనివారం మధ్యాహ్నం వచ్చి గరుకు చేసి వెళ్లండి. ఆ తర్వాత ఒక గంట ఉండండి. ఈ పలక మీది." అని ఒక నీలం పలక ఆయన చేతిలో పెట్టింది. "నాకు ఒకరి సంగతి ఒకరికి చెప్పే అలవాటు లేదు."

ఐలన్న పలకను గొంగడిలో దాచుకుని బస్సెక్కాడు.

మూడు శనివారాలు పోలేదు. పని ఉందన్నాడు, నడుం నొప్పన్నాడు, వాన అన్నాడు. నాలుగో శనివారం ఎండ ఫెళ్లున కాస్తోంది. సరోజన పలక తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది.

"ఎందుకు పోతలేవ్?"

"పోరగాండ్ల నడుమ నలభై అయిదేండ్లోన్ని కూసుంటే ఏమంటరే?"

"ఏమంటరు, పలకల సారంటరు. నాకు రాదని కోదాడ టీచరు ముందట చెప్పిన, నేనేమన్న సచ్చిన్నా? నువ్వు ఇరవై ఏండ్ల సంది దాసుకుంట సస్తున్నవ్, సూస్తలేనా? లెవ్వు. నువ్వు నేర్సుకొని నాకు నేర్పు. నాకు కోడి గీతలు గీసి గీసి యాష్టకొస్తుంది."

ఆ మాట మీద లేచాడు.

శనివారం శనివారం సూర్యాపేట నుంచి కోదాడకు, మధ్యాహ్నం బస్సుకు పోవడం మొదలయింది. ముందు పలకలు గరుకు చేయడం, తర్వాత వెనక గదిలో కూర్చుని తన పలకను అక్షరాలతో నింపడం. చేయి తిరిగిన మనిషి కదా, రాయడంలో ఆయనకు రాణి టీచరే సాటి రాదు. మొదటి రోజే 'క' చుట్టి చూపిస్తే, ఆమె తన బోర్డు మీద 'క' తుడిచేసి ఆయన్నే రాయమంది. చదవడంలో మాత్రం మొరాయించేవాడు. అక్షరాలు విడివిడిగా పలికేవాడు గాని కలిపితే మాటయ్యేది కాదు. తారా ఇంటికి పోకుండా తలుపు పక్కన నిలబడి చూసేది. "సార్, ఉరుకుడు బెట్టొద్దు, అచ్చరాల చెయ్యి పట్టుకొని నడువు" అనేది. ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదు. చెప్పాలన్న ఆలోచనే దానికి రాలేదు, నేర్చుకోవడంలో దాచేదేముందో దానికి తెలియదు.

ఇక బస్సు ప్రయాణం ఉంది చూశారూ, అదీ అసలు చదువు. కిటికీ సీటు దొరికితే గాని ఎక్కేవాడు కాదు. బస్సు నడుస్తుంటే బోర్డులు ఆయన నోటికి అందకుండా పారిపోయేవి. ఆగిన చోట మాత్రం గబగబా చదివేసేవాడు. మునగాలలో ఆగితే ఒక మాట, టీకి ఆగితే రెండు మాటలు. ఒకసారి లారీలు అడ్డంపడి హైవే మీద గంటసేపు బస్సు ఆగిపోతే లోపల అందరూ తిట్టుకున్నారు, ఐలన్న ఒక్కడే సంబరంగా ముందు లారీ వెనక రాసింది మొత్తం చదివాడు. సూర్యాపేటలో తను ఎనిమిదేళ్ల కింద గోడ మీద రాసి, చుట్టూ పువ్వులూ తీగలూ వేసిన ఒక పాత రాత దగ్గర నిలబడి కూడబలుక్కుని చదివాడు. 'ఇచ్చట మూత్రము పోయరాదు.' ఆనాడు రాయించినవాడు మూడుసార్లు చదివే ఉంటాడు, తనే మరిచిపోయాడు. దానికి పువ్వులు వేసింది గుర్తొచ్చి, నడిరోడ్డు మీద ఒక్కడే పొట్ట పట్టుకుని నవ్వాడు.

లేని అక్షరాలు కోసి బోర్డు నింపాడు గాని, వరస మాత్రం మార్చనివ్వలేదు రాణి టీచరు. మిర్యాలగూడ బడివాళ్లు వచ్చి ఆ ఆట చూసి, మాకూ అలాగే కలిపేసిన బోర్డే కావాలన్నారు. ఈసారి ఐలన్న కావాలనే, తెలిసి కలిపాడు. నీలం షీట్లు ఆ బోర్డుతో ఖతమయ్యాయి. కోళ్లగూడు మీది ఒక్కటి మిగిలింది. అది సరోజన ఇవ్వలేదు.

2011 ఎండాకాలంలో ఒక పొద్దున మట్టయ్య వచ్చాడు. జుట్టు తెల్లబడింది. టీ హోటలు కొడుక్కిచ్చాడట, వాడు పక్కనే టిఫిను సెంటరు పెడుతున్నాడు, లైటు అక్షరాల బోర్డు కావాలి. కాగితం తీసి, పద్ధతి తెలిసిన మనిషి కనుక తనే చెప్పులు విడిచి, గొంతు సవరించుకుని నిలబడ్డాడు.

"ఆగు మట్టయ్యా" అన్నాడు ఐలన్న. "కాగితం ఇటియ్యి."

"సదవొద్దా? పద్ధతి దప్పుతవా?"

"పద్ధతి గదే. ఇయ్యాల నేను సదువుత, నువ్వు ఇను."

కాగితం రెండు చేతులా పట్టుకున్నాడు. లోపల గిన్నెలు తోముతున్న సరోజన చప్పుడు ఆగిపోయింది.

"మ... ట్ట... య్య. మట్టయ్య. మట్టయ్య టి... టిఫిన్. సెం... టర్." ఒకసారి చదివాడు. ఊపిరి తీసుకుని రెండోసారి చదివాడు, ఈసారి ఎక్కడా ఆగలేదు. మూడోసారి రోడ్డు మీదికి వినిపించేంత గట్టిగా చదివాడు.

మట్టయ్య కళ్లు మూసుకుని విన్నాడు. తన పేరు ఇంకొకరి నోట అంత శ్రద్ధగా వినడం ఆయనకు ఇదే మొదలు. "నువ్వు సదువుతే మస్తుగుంది ఐలన్నా" అన్నాడు. "మరి ఇన్నేండ్లు మాతోని ఎందుకు సదివించినవ్?"

"అప్పుడు నాకు సదువు రాదు మట్టయ్యా" అన్నాడు ఐలన్న.

దాచుకున్న మాట అంత తేలిగ్గా బయటికొచ్చేస్తుందని ఆయనే అనుకోలేదు. మట్టయ్య షెడ్డు అదిరేట్టు నవ్వాడు, ఐలన్నా నవ్వాడు. సరోజన తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చింది. కోళ్లగూటికి వేలాడే నీలం ముక్క మీద ఎనిమిది గీతల పక్కన ఆనాటి గీత గీయవలసిన చోట, ఐలన్న దగ్గర నేర్చుకుని, వంకరటింకరగా, మొదటిసారి, 9 అని అంకె వేసింది.